పెరటి జనరేటరు – వాయుగొట్టము

2021వ సంవత్సరము ఫిబ్రవరిలో మేముండు టెక్సాసు రాష్ట్రమున మంచుతుపానుచే విద్యుత్తు నిలిచి, లక్షలాది గృహములు చీకటిపాలైనవి. ఇంటిలోపలనే జనరేటరు నడిపి, విషవాయువు పీల్చి మరణించినవారును గలరు. నాటినుండి మాలో పలువురు సహజవాయువుతో నడచు జనరేటరును పెరటిలో పెట్టించుకొనుచున్నారు.

ఇది పొయ్యికంటె నెన్నోరెట్లు వాయువును గ్రహించును. పాత సన్నగొట్టమునకే కలిపినచో ఒత్తిడి తగ్గి, పొయ్యికిని, ఇల్లు వెచ్చజేయు యంత్రమునకును వాయువు చాలదు. కావున అన్నిటి వాడకమును లెక్కించి, తగిన వెడల్పుగల గొట్టమును అనుమతిగల పనివారిచేతనే వేయింపవలెను. జనరేటరు అదురునకు అతుకులు వీడకుండ చివర వంగెడి గొట్టమును, దానికి ముందు వాల్వును ఉండవలెను. అతుకులను సబ్బునీటితో పరీక్షింపవలెను, నిప్పు చూపరాదు. జనరేటరును కిటికీలకు దూరముగ నిలుపవలెను.

సోదరీమణులారా! పురపాలకాధికారి పరీక్షించి సరియనువరకు దానిని నడపనీయకుడు. వెలుతురు రెండుదినము లాలస్యముగనైనను వచ్చును. పోయిన ప్రాణము రాదు.