మళ్ళీ చేసి చూపించు

2011లో మా టీములో 14 మందిమి. అందులో టెస్టర్లం నలుగురం, నలుగురమూ ఆడవాళ్ళమే. "టెస్టింగుకి ఆడవాళ్ళే కరెక్టు, ఓపిక ఎక్కువ" అనేవాడు మేనేజరు, మెచ్చుకుంటున్నాననుకుని.

మేం చేసేది గిడ్డంగుల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేరు. అడుగున ఉండేది పోస్ట్‌గ్రెస్ డేటాబేసు. రాత్రిళ్ళు టెస్టులన్నీ వాటంతటవే నడుస్తాయి, ఏవి ఫెయిలయ్యాయో పొద్దున్నే వెళ్ళి చూడటం నా పని. వాటిలో ఒక టెస్టు ఇరవై రోజులకో నెలకో ఒక్కసారి ఫెయిలయ్యేది. 100 బస్తాల నిల్వలోంచి పదిమంది ఒకేసారి ఒక్కో బస్తా తీస్తూ పోతే, 100 తీశాక సున్నా మిగలాలి. ఆ రోజు మాత్రం ఒకటి మిగిలేది. మళ్ళీ నడిపితే సున్నా.

"మళ్ళీ నడిపావా? పాసయ్యిందా? ఇంకేం మరి!" నా రిపోర్టు కింద "రీప్రొడ్యూస్ కాలేదు" అని రాసి మూసేసేవాళ్ళు.

వాళ్ళకి నమ్మకం లేకపోవటానికి కొంత కారణం నేనే, ఒప్పుకోవాలి. అంతకుముందు రెండు తప్పుడు రిపోర్టులిచ్చాను, వరసలు తారుమారుగా వచ్చాయని. ఆర్డర్ బై అని అడగనప్పుడు డేటాబేసు వరసల్ని ఏ క్రమంలోనైనా ఇవ్వొచ్చు. అది నా టెస్టులో తప్పు. అయితే మా టీములో రెండుసార్లు పొరబడిన మగపిల్లలూ ఉన్నారు. వాళ్ళ మూడో మాటని ఎవరూ కొట్టిపారెయ్యలేదు.

ఇక్కడ అమ్మ సంగతి చెప్పాలి. అదే ఏడు అమ్మకి గుండెదడ మొదలయ్యింది. వంట చేస్తూ చేస్తూ కళ్ళు తిరిగి గట్టు పట్టుకుని కూచునేది. ఆస్పత్రికి వెళ్ళేసరికి తగ్గిపోయేది. ఇసిజి తీస్తే నార్మల్. "ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలేనమ్మా, ఎక్కువ ఆలోచించకండి" అని నిద్రమాత్రలు రాశాడు డాక్టరు. నాన్నా అదే అన్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ కొంత అదే అనుకున్నాను. అమ్మ మాత్రం పాల లెక్క రాసే క్యాలెండరు మీద, దడ వచ్చిన రోజున చిన్న సున్నా చుట్టి పక్కనే టైము వేసుకుంటోంది. నాకా సంగతి చాలా రోజులకి గానీ తెలీలేదు.

ఆ క్యాలెండరు చూసిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మర్నాడు ఆఫీసులో చేసిన మొదటి పని, టెస్టు సర్వరులో ప్రతి ఎస్‌క్యూఎల్ వాక్యమూ లాగ్‌లో పడేట్టు, దాని ముందు మిల్లీసెకన్లతో సహా టైమూ ప్రాసెస్ నంబరూ వచ్చేట్టు మార్చటం. డిస్కు నిండిపోతోందని తిట్లు తిన్నాను. 23వ రాత్రి దొరికింది.

రెండు ప్రాసెస్‌లు. మొదటిది నిల్వ ఎంతని చదివింది: 41. అది 40 అని తిరిగి రాసేలోగా రెండోదీ చదివేసింది: 41. రెండూ 40 రాశాయి. బస్తాలు రెండు బయటికి పోయాయి, లెక్కలో ఒకటే తగ్గింది. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా ఉండే రీడ్ కమిటెడ్ పద్ధతి దీన్ని ఆపదు. చదివేటప్పుడే ఫర్ అప్‌డేట్ అని ఆ వరసకి తాళం వెయ్యమని మనం అడగాలి. మా ప్రోగ్రాము అడగలేదు.

చదవటానికీ రాయటానికీ మధ్య పిజి స్లీప్‌తో రెండు సెకన్ల నిద్ర పెట్టాను. సందు పెద్దదయ్యేసరికి నడిపిన ప్రతిసారీ ఫెయిలయ్యింది. రిపోర్టులో నా అభిప్రాయం ఒక్క ముక్క లేదు. వెర్షను, చేసిన పనులు వరసగా, రావలసింది, వచ్చింది, 11 లైన్ల లాగ్. అంతే. డెవలపరు నా సీటు దగ్గరికొచ్చి "నిద్ర పెడితే ఏదైనా ఫెయిలవుతుంది కదా" అన్నాడు. "నిద్ర పెట్టకుండా ఫెయిలైన రాత్రి లాగే అది, టైము చూడండి" అన్నాను. చూశాడు. సాయంత్రానికి ఒక్క లైను మార్చాడు. నెలాఖరు మెయిల్లో మేనేజరు అతన్ని అభినందించాడు. నాకు కోపం రాలేదని చెప్పను.

ఆ ఆదివారమే అమ్మ క్యాలెండరు చుట్టి సంచిలో పెట్టాను. సోమవారం వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ నవ్వలేదు. ఒక్కో సున్నా మీద వేలు పెట్టి చదివింది. 24 గంటలూ గుండెని రికార్డు చేసే హోల్టర్ పెట్టించింది. మొదటిసారి ఏమీ దొరకలేదు. "మళ్ళీ పెడదాం" అంది ఆవిడ. రెండోసారి తెల్లవారుజామున 4:10కి దొరికింది, గుండె లయ తప్పటం.

అమ్మ ఆ కాగితం మీద టైము చూసి, "నిజమేనే, అప్పుడు లేచి మంచినీళ్ళు తాగాను" అంది. ఇంటికొచ్చాక చెప్పులన్నా విప్పకుండా వెళ్ళి, క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టింది.