ఆదోని ఎండలో ఫిడేల్ ఆకు

మన మర్రి, రావి, మేడి జాతిదే ఫిడేల్ లీఫ్ ఫిగ్. ఆకు తుంచితే అవే తెల్లని పాలు. పుట్టిల్లు మాత్రం పశ్చిమ ఆఫ్రికా వానల అడవి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మా ఆదోనిలో, ఆ వడగాలికి ఆకుల అంచులు ఎండిపోతాయి. జాలేసి రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. వేలు పెట్టి చూసి, పైమట్టి రెండంగుళాలు ఆరాకే పోస్తాను. తూర్పు కిటికీ దగ్గర పెట్టాక ఇక కదపను. చోటు మారిస్తే ఆకులు రాలుస్తుంది.

దుమ్ము తుడవడం నాకెంతో ఇష్టమైన పని. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన మెత్తటి తువ్వాలు తడిపి, ఆకు కింద అరచేయి ఆనించి నెమ్మదిగా తుడుస్తుంటే ఈనెలు ఒక్కొక్కటిగా వేళ్లకు తగులుతాయి. వేప నాటుకోక ఇదెందుకంటారు ఇరుగుపొరుగు. వేపా ఉంది, వాకిట్లో. ఇంట్లోకి ఇదే కావాలి నాకు.