ఎవరడుగుతారు?



మదనపల్లెలోని మా సంఘ కార్యాలయములో మూడు కంప్యూటర్లున్నాయి. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహ రిజిస్టరు, కానుకల లెక్కలు వాటిలోకి ఎక్కించాము. ఏది దేనిలో ఉన్నదో వెదకుకోవలసిందే.

ఒకనాడు పుంగనూరు నుండి ఒక విధవరాలు వచ్చి, పింఛను కొరకు వివాహ ధ్రువపత్రము అడిగింది. ఆ ఉదయమే వైరస్ సోకి కంప్యూటరు తెరుచుకోలేదు. "రేపు రామ్మా" అన్నాము. అలా మూడుసార్లు బస్సెక్కి వచ్చింది. చివరకు బీరువా అడుగునున్న పాత కాగితపు రిజిస్టరే ఆమెను ఆదుకొన్నది.

ఫైళ్లన్నీ ఒకే చోట భద్రపరచి, మిగిలిన కంప్యూటర్లకు అందించే సర్వరు పెట్టాలని కమిటీ తీర్మానించింది. దానిలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలి? విండోస్ సర్వర్ స్టాండర్డ్ కొంటే, దాని వెలగాక, వాడే ప్రతి మనిషికైనా ప్రతి కంప్యూటరుకైనా వేరే లైసెన్సు కొనాలి. రిపేరు చేసే ఒకతను, "అయ్యగారూ, ఖర్చెందుకు? కాపీ వేసిస్తాను, ఎవరడుగుతారు?" అన్నాడు.

ఆ మాట మమ్మును నిద్రపోనియ్యలేదు. మా మూడు కంప్యూటర్లలో అప్పటికే ఉన్నది అలాంటి కాపీయే. అది పనిచేయుటకు వైరస్ రక్షణను ఆపివేశారట. ఎనిమిదవ ఆజ్ఞ మీద ప్రసంగము వ్రాసుకొన్నది కూడా దాని మీదనే! కమిటీ ఎదుట మా తప్పు ఒప్పుకొన్నాము.

2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ ప్రభుత్వముతో కలిసి కుప్పంలో కంప్యూటర్ కేంద్రాలు పెట్టినప్పుడు, అక్కడ మొదటిసారి కీబోర్డు ముట్టిన సహోదరుడొకడు మా సంఘములో ఉన్నాడు. అతడు దారి చూపాడు. లినక్స్‌ను 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. ఆ లినక్స్‌తో తయారైన డెబియన్ ఉచితము. నకలు తీసి పంచుకొన్నా దొంగతనము కాదు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ ఆరంభించిన సాంబా అనే ప్రోగ్రాము వలన విండోస్ కంప్యూటర్లు కూడా ఆ సర్వరులోని ఫైళ్లు తెరువగలవు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. మా పాత యంత్రము విండోస్ 11కు పనికిరాదు. డెబియన్‌కు అదే చాలు.

పుంగనూరు పెద్ద ఒకరు, "ఊరక వచ్చినది చెడిపోతే దిక్కెవరు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఆ సహోదరునికి ఏటా రుసుము నిర్ణయించాము. అతడు ఇద్దరు యౌవనస్థులకు పని నేర్పుతాడు; చేసినదంతా తెలుగులో నోటుపుస్తకములో వ్రాసిపెడతాడు. ప్రతి శనివారము వేరొక డిస్కులోకి నకలు తీసి, దానిని మరొక ఇంట్లో ఉంచుతాము. ఒక కంప్యూటరుకు లైసెన్సు కొన్నాము. మిగిలిన రెంటిలో లినక్సే వేశాము. కాగితపు రిజిస్టర్లను మాత్రము మానలేదు.

ప్రియులారా, మీ ఇంటి కంప్యూటరులో, ఫోనులో ఏమున్నదో ఒకసారి చూచుకొనండి. "ఎవరడుగుతారు?" అని లోకము అంటుంది. అడిగేవాడు ఒకడున్నాడు. ఆయన మమ్మును ముందుగా అడిగింది, పుంగనూరు బస్సు దిగి మా గుమ్మములో నిలిచిన ఆ తల్లి ద్వారానే.