పెన్సిలు గీతల కింద మా చెల్లి

చదివే పుస్తకంలో పెన్సిలుతో గీతలు గీసుకునే అలవాటు నాకు ఎమ్మే రోజుల నుంచీ ఉంది. పరిశోధన చేసేవాళ్ళకి అది మామూలే. ఆ గీతలు ఒక మనిషికి తగులుతాయని మాత్రం 2019 దాకా తెలియదు.

ఆ ఏడాది వేసవిలో మా చెల్లికి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని చెప్పారు. అప్పటికి దానికి ఇరవై మూడేళ్ళు. అంతకుముందు ఆరేళ్ళుగా మా ఇంట్లో దీనికి వేరే పేర్లుండేవి. పొగరు, మొండితనం, ముక్కు మీద కోపం, చదువెక్కువై వచ్చిన తిక్క. పొద్దున నన్ను వాటేసుకుని ‘నువ్వు లేకపోతే నేను లేనక్కా’ అన్న పిల్ల, సాయంత్రం నేను ఫోనెత్తలేదని ‘ఇక నీ మొహం చూడను’ అని మెసేజ్ పెట్టేది. రెండూ నిజంగానే అనేది. కొన్ని రాత్రులు తనని తాను గాయపరుచుకునేది. డాక్టరు ఆ పేరు చెప్పగానే అమ్మ స్థిమితపడింది. “బోర్డర్ అంటే ఇంకా రాలేదనేగా? మీ నాన్నకి షుగరు పదేళ్ళు బోర్డర్‌లోనే ఉంది” అంది.

నేను నవ్వాను గానీ నాకు మాత్రం ఏం తెలుసు? అడాల్ఫ్ స్టెర్న్ అనే అమెరికన్ మనోవిశ్లేషకుడు న్యూరోసిస్‌కీ సైకోసిస్‌కీ నడుమ ఉన్నట్టు కనబడిన రోగుల గురించి 1938లో ఆ మాట వాడాడు. 1980లో అది అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే డి.ఎస్.ఎం. మూడో కూర్పులోకి ఒక జబ్బుగా ఎక్కింది. ఆ సరిహద్దుల లెక్క ఎప్పుడో పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది. కాబట్టి అమ్మ పొరపాటులో అమ్మ తప్పేమీ లేదు. ఇప్పటి కూర్పు ప్రకారం తొమ్మిది లక్షణాల్లో అయిదుంటే చాలు. వదిలేసి పోతారన్న భయం, మనుషుల్ని ఆకాశానికెత్తి మరుక్షణం నేలకు కొట్టడం, తానెవరో తనకే నిలకడగా తెలియకపోవడం, లోపలంతా ఖాళీగా ఉండటం... జాబితా చదువుతుంటే ఒక్కో దానికీ ఒక్కో తేదీ గుర్తొచ్చింది.

అందరూ ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంటే నేను పుస్తకాల చుట్టూ తిరిగాను. అదొక్కటే నాకు చేతనైన పని. మొదట దొరికింది జెరాల్డ్ క్రైస్‌మన్, హాల్ స్ట్రాస్ కలిసి రాసిన ‘ఐ హేట్ యూ, డోంట్ లీవ్ మీ’ (1989). అట్ట మీద పేరే మా చెల్లి. తర్వాత పాల్ మేసన్, రాండీ క్రెగర్‌ల ‘స్టాప్ వాకింగ్ ఆన్ ఎగ్‌షెల్స్’ (1998). ఇది ఇంట్లోవాళ్ళ కోసం రాసిన పుస్తకం. నాకు సాయం చెయ్యలేదని అనను. ఎక్కడ ‘ఇంతవరకే’ అని చెప్పాలో, నా నిద్ర నేను ఎలా కాపాడుకోవాలో నేర్పింది. ఇలా బతికేది నేనొక్కదాన్నే కాదని చెప్పింది. కానీ నేను చదివినంతలో జబ్బు ఉన్న మనిషి ఎప్పుడూ ఎదుటి గట్టునే కనిపించింది. భరించాల్సిన మనిషి, జాగ్రత్తపడాల్సిన మనిషి. నేను ఇవతలి గట్టున కూర్చుని గీతలు గీశాను. మార్జిన్లలో ‘అచ్చం ఇదే’, ‘మొన్న ఆదివారం’, ‘నాటకం’ అని రాశాను.

దీపావళికి వచ్చినప్పుడు చెల్లి ఆ పుస్తకం నా బల్ల మీద చూసింది. మొదటి పేజీ నుంచి తిరగేసింది. “నా మీద నోట్సు రాసుకుంటున్నావా అక్కా? నేను ఎన్నో చాప్టర్‌ని?” అంది. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది. తెల్లారేసరికి మేం ఆస్పత్రిలో ఉన్నాం.

ఆ తర్వాత నేను పూర్తిగా అటు తిరిగిపోయాను. నా థీసిస్‌లో ఒక అధ్యాయం ‘పిచ్చి’ స్త్రీల మీదే. గిల్బర్ట్, గూబర్‌ల ‘ది మ్యాడ్‌వుమన్ ఇన్ ది ఆటిక్’ (1979), షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892 నాటి కథ ‘ది యెల్లో వాల్‌పేపర్’ నాకు కొట్టిన పిండి. ఇప్పుడు వాటి పక్కన సుసానా కేసెన్ ‘గర్ల్, ఇంటరప్టెడ్’ (1993) చేరింది. 1967లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, అంతకుముందెన్నడూ చూడని ఒక డాక్టరు మాట మీద ఆమె మెక్లీన్ ఆస్పత్రిలో చేరింది. దాదాపు రెండేళ్ళు అక్కడే ఉంది. చాలాకాలం తర్వాత లాయరు సాయంతో తన ఫైలు సంపాదించి, ఆ కాగితాలనే పుస్తకంలో పెట్టింది. విచ్చలవిడితనం అన్న మాట ఆడపిల్లకైతే ఎన్నో మగాడి దగ్గర వాడతారు, మగపిల్లాడికైతే ఎన్నో ఆడపిల్ల దగ్గర వాడతారు అని అడుగుతుందామె. జూడిత్ హెర్మన్ అయితే ‘ట్రామా అండ్ రికవరీ’ (1992)లో, ఈ పేరు చాలాసార్లు నాగరికంగా తిట్టే తిట్టుగా పనికొస్తోందని, దాని వెనక చిన్నతనంలో పడిన హింసను ఎవరూ అడగడం లేదని రాసింది. క్లినిక్కుల్లో ఈ పేరు ఎక్కువగా స్త్రీలకే పెడుతూ వచ్చారు. అమెరికాలో 2008లో ప్రచురితమైన పెద్ద జనాభా సర్వేలో మాత్రం స్త్రీ పురుషుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇవన్నీ పోగేసుకుని ఒకరోజు చెల్లికి ఉపన్యాసం ఇచ్చాను. ఇది జబ్బు కాదు, కోపం ఉన్న ఆడవాళ్ళకి వేసిన ముద్ర అని.

అది ఓపిగ్గా వింది. “నీ సిద్ధాంతం బావుందక్కా. కానీ ఈ పేరు తీసేస్తే నాకు మళ్ళీ పొగరొక్కటే మిగుల్తుంది” అంది.

నా దగ్గర జవాబు లేదు. కేసెన్, హెర్మన్ అన్నది అబద్ధమని ఇప్పటికీ అనుకోను. ఈ జబ్బు ఉన్నవాళ్ళందరూ చిన్నప్పుడు హింస పడినవాళ్ళేనని కూడా అనుకోను. కానీ రాత్రి రెండింటికి ఆ పిల్ల చేతికి ఇవ్వడానికి వాటిలో ఏమీ లేదు.

ఇవ్వడానికి ఏదైనా ఉన్నది మార్షా లైనహన్ దగ్గర. 1993లో వచ్చిన ఆమె పుస్తకం డాక్టర్ల కోసం రాసింది, చదవడం కష్టం. మేం పట్టుకున్నది ఆమె పద్ధతి మీద మెక్‌కే, వుడ్, బ్రాంట్లీ 2007లో తెచ్చిన అభ్యాసాల పుస్తకం. ఉప్పెనలాంటి ఆవేశం వచ్చినప్పుడు దాన్ని ఆపాలని చూడకుండా, ఉన్నది మరింత చెడకుండా ఆ గంట గడపడం ఎలాగో అందులో ఉంటుంది. చన్నీళ్ళలో మొహం ముంచడం లైనహన్ నేర్పే చిట్కాల్లో ఒకటి. మొదట్లో చెల్లి నవ్వింది, తర్వాత ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఐసు ఉండేలా చూసుకుంది. ఫ్రిజ్ తలుపు మీద టెలి-మానస్ నంబరు 14416 కూడా అంటించింది. ఈ జబ్బుకే ప్రత్యేకమైన మందంటూ లేదు గనక, ఇలాంటివాటి విలువ ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. తెలుగులో మాట్లాడే థెరపిస్టు దొరకడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఈ పుస్తకంతోనే గడిచాయి.

లైనహన్ ఇంకోటి అంటుంది. పుట్టుకతో భావాలు ఎక్కువ తగిలే పిల్ల, ఆ భావాలని అడుగడుగునా కొట్టిపారేసే పరిసరాలు, రెండూ కలిసి ఈ జబ్బు పెరుగుతుందని. ‘ఇంతదానికే ఏడుపా’, ‘నీకేం తక్కువ చేశాం’, ‘ఆడపిల్లకి అంత కోపమేంటి’... ఇలా అనకుండా పెంచిన ఇల్లు మన దగ్గర ఏదీ? అయితే ఈ పుస్తకాల్లో వేలు చివరికి తల్లి వైపే తిరుగుతుందేమోనని నాకు అనుమానం. మా అమ్మ భావాలను ఎవరు పట్టించుకున్నారని ఏ పుస్తకమూ అడగలేదు.

అమ్మ కోసం కొన్ని పేజీలు తెలుగు చేద్దామని చెల్లీ నేనూ కూర్చున్నాం. ‘వ్యాలిడేషన్’ దగ్గర ఆగిపోయాం. సమర్థించడం కాదు, ఒప్పుకోవడం కాదు, ఓదార్చడం అసలే కాదు. ఎదుటి మనిషికి అలా అనిపించడంలో అర్థముందని తెలియజెయ్యడం. ఇదంతా చెబితే, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తి “ ‘అవునా తల్లీ’ అనడమేగా?” అంది. ఆ మాట ఆమె చెల్లితో ఎప్పుడూ అనలేదని ముగ్గురికీ తెలుసు. తర్వాత అనడం మొదలుపెట్టింది. కొన్నిసార్లు మరిచిపోతుంది.

లైనహన్ 1961లో, పదిహేడేళ్ళప్పుడు, హార్ట్‌ఫర్డ్‌లోని ఒక మానసిక చికిత్సాలయంలో చేరి రెండేళ్ళకు పైగా ఉంది. ఆ సంగతి 2011లో అదే చోట నిలబడి బయటపెట్టింది. 2020లో వచ్చిన ఆమె ఆత్మకథ చెల్లికి కొనిచ్చాను. అది నాకంటే ముందు చదివి, సిరాతో, పెన్సిలుతో కాదు, గీతలు గీసి నాకిచ్చింది. కేసెన్ ఉన్న ఆ మెక్లీన్ ఆస్పత్రిలోనే మేరీ జనారినీ బృందం రోగులను ఏళ్ళ తరబడి గమనించి, పదేళ్ళలో చాలామందికి లక్షణాలు తగ్గిపోతాయని తేల్చింది. ఉద్యోగం, నిలకడైన బంధాలు కుదుటపడటానికి మాత్రం ఇంకా టైము పడుతుందట. మా చెల్లి రెండో ఉద్యోగంలో ఉంది. పోయిన నెల పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు తనే ఫోన్ చేసింది.

ఈ వ్యాసం చిత్తుప్రతి ముందు దానికే ఇచ్చాను. రెండు పేరాలు కొట్టేసింది. ఇంకోచోట మార్జిన్లో ‘ఇది నీ కోపం, నాది కాదు’ అని రాసింది. ఆ వాక్యం తీసేశాను.