ఆక్టోపస్సును, మన పుంజును

సముద్రమునకు బహుదూరమున, ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన సైతము నమ్మకముగా కురియని ఈ అనంతపురపు మెట్టసీమలో కూర్చుండి ఆక్టోపస్సును గూర్చి తలపోయుట కొంత విడ్డూరమే గాని, మూడు హృదయములును నీలి రక్తమును గల ఆ ప్రాణిని కొందరు గాజుతొట్టిలో పెంచుకొనుచు, కొందరు పళ్లెములో వడ్డించుకొనుచు, అమెరికాలోని డెట్రాయిట్ నగరమువారు మాత్రము, నాడు కప్పు గెలుచుటకు ఎనిమిది విజయములు కావలసియుండుటచేత, ఎనిమిది కాళ్లు అందులకు సంకేతమని 1952 నుండి మంచుహాకీ మైదానముపైకి విసరుచున్నారని చదివినప్పటినుండి నాకు మన కోడిపుంజే మాటిమాటికి జ్ఞప్తికి వచ్చుచున్నది.

దానికిని ఆ మూడు గతులే. పెరటిలో గంపక్రింద గారాబముగా పెరుగును. ఆదివారమునాడు రాగిసంగటికి తోడగును. కోస్తాజిల్లాలలోనైతే సంక్రాంతికి కాలికి కత్తి కట్టించుకొని బరిలోనికి దిగును. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును, 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టమును భోగినాటికి ఎచ్చటికో సెలవుపై పోవును కాబోలు! డేగ, కాకి, నెమలి యని ఈకల రంగునుబట్టి పేర్లిడి, ఏనాడు ఏది గెలుచునో నిర్ణయించు కుక్కుటశాస్త్రమే మనకు కలదు. (2010 ప్రపంచకప్పు ఫుట్‌బాలులో ఎనిమిది ఫలితములను తప్పక చెప్పిన జర్మనీ ఆక్టోపస్సు పాల్ ఏ శాస్త్రమును చదివెనో!) పల్నాటి కథలో రాజ్యమే కోడిపందెమున ఒడ్డబడినది గదా.

పెంపకము మాట వచ్చినచో నా ఓటు పుంజునకే. ఆక్టోపస్సులలో పెక్కు జాతులు ఒకటి రెండేండ్లకు మించి బ్రతుకవు, మూతసందున జారి పారిపోవుటలోను నేర్పరులు. పైగా వానికి ఉప్పునీటి తొట్టి కావలెను, మాకు మంచినీటికే ట్యాంకరు రావలెను.