చక్రాల మీద ఇల్లు, తరంగంబాడి త్రోవ

గడచిన జనవరిలో కొత్త సంవత్సరపు ఆరాధనలు ముగిసిన తరువాత, నాలుగు సేవకుల కుటుంబములు ఒకే బండిలో ఒంగోలు నుండి కన్యాకుమారి వరకు వెళ్ళి వచ్చాము. ఆ ప్రయాణములో దేవుడు మాకు చూపించిన వాటిని ఈ నెల మీతో పంచుకోవాలని ఆశపడుచున్నాము.

మేము నలుగురము ఒకే బైబిలు పాఠశాలలో చదువుకొన్న వారము. లాడ్జీలలో గదులు తీసుకొనే స్తోమతు మాకెవరికీ లేదు. అందుచేత ఒక సంఘ పెద్ద తన పాత వ్యానును మా కొరకు సిద్ధపరచి ఇచ్చారు. వెనుక సీట్లు తీసివేసి, రెండు ప్రక్కలా చెక్క బల్లలు బిగించి, ఒక మూల వంట సామానుకు అర, వెనుక భాగమున నీళ్ళ డ్రమ్ము పెట్టించారు. విదేశాలలో ఇటువంటి బండిని మోటారు హోమ్ అంటారు. వారి బండిలో స్నానపు గది కూడా ఉంటుందట. మాకు పెట్రోలు బంకులే స్నానపు గదులు. రాత్రులు స్త్రీలు బండిలోను, పురుషులు గుడి వరండాలలోను నిద్రించాము. బియ్యము, కందిపొడి, గోంగూర పచ్చడి వెంట ఉన్నవి. ఎక్కడ నీడ దొరికితే అక్కడ బండి ఆపి, స్టవ్వు క్రిందికి దించి అన్నము వండుకొన్నాము.

మాలో ఒక అయ్యగారి జేబులో మడత పెట్టిన కాగితము ఒకటి ఉన్నది. ఆయన అనుమతితోనే ఈ మాట వ్రాయుచున్నాము. గుడి కట్టడపు లెక్కల విషయమై వారి సంఘము రెండు పక్షములుగా చీలిపోయినది. పదునెనిమిది సంవత్సరములు సేవ చేసిన చోట నిందలు పడలేక ఆయన రాజీనామా వ్రాసుకొన్నారు. తిరిగి రాగానే ఇవ్వాలని నిర్ణయము. రాజీనామా ఇచ్చిన దినముననే పార్సనేజీ ఖాళీ చేయవలసి వస్తుంది. సొంత ఇల్లు లేదు. "ఇక ఈ వ్యానే మన ఇల్లు వదినా" అని అమ్మగారు నవ్వుతూ అన్నారు గాని, ఆ మాటకు బండిలో ఎవరమూ నవ్వలేకపోయాము.

బయలుదేరే ముందు తెల్లవారుజామున ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కాము. 1853లో అమెరికా బాప్తిస్టు మిషను వారు, ఫలము కనబడని ఈ తెలుగు మిషనును మూసివేయాలా అని ఆలోచన చేశారు. అటువంటి కాలములో 1854 జనవరి 1వ తేదీన జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఈ కొండ మీద మోకరించి, ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని దేవుని అడిగారు. క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి స్థిరపడినది 1866లో. మధ్యలో పన్నెండు సంవత్సరములు గడిచినవి.

నెల్లూరు, చెన్నై మీదుగా సముద్రపు ఒడ్డు రహదారి పట్టుకొని పుదుచ్చేరి, కడలూరు, చిదంబరము దాటాము. శీర్కాళి దాటిన తరువాత రాత్రి తొమ్మిది గంటలకు వెనుక టైరు పంక్చరైనది. చూస్తే స్టెపినీలో గాలి లేదు. మాకు తమిళము రాదు. రోడ్డు ప్రక్కన టీ కొట్టు నడిపే ఒకామె "వాంగ, వాంగ" అంటూ వచ్చి, మా స్త్రీలకు చాపలు పరచి, పిల్లలకు పాలు కాచి ఇచ్చినది. ఆమె భర్త స్కూటరు మీద టైరును తీసుకొని వెళ్ళి, దానిని బాగు చేయించి తెచ్చే సరికి అర్ధరాత్రి అయినది. డబ్బులు ఇవ్వబోతే పంక్చరు ఖర్చు మాత్రమే తీసుకొన్నాడు. వారి గోడ మీద ఉన్నవి వేరే దేవుళ్ళ పటములు. మంచి సమరయుని ఉపమానము మీద మేము నలుగురమూ ఎన్నో ప్రసంగములు చేసినవారమే. ఆ రాత్రి మేము దెబ్బతిన్న బాటసారి స్థానములో ఉండి దానిని నేర్చుకొన్నాము.

మరునాడు ఉదయము తరంగంబాడి చేరాము. ఇది మయిలాడుతురై జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 1620లో డెన్మార్కు వారు ఇక్కడ డాన్స్‌బోర్గ్ కోట కట్టుకొన్నారు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ తీరమును కూడా ఘోరముగా దెబ్బతీసినది. 1706 జూలై 9న జీగెన్‌బాల్గ్, ప్లూచో అనే ఇద్దరు జర్మను యౌవనస్థులు ఇక్కడే ఓడ దిగారు. మన దేశమునకు వచ్చిన మొదటి ప్రొటెస్టెంటు మిషనరీలు వారే. జీగెన్‌బాల్గ్ గారు బడిపిల్లల ప్రక్కన నేల మీద కూర్చుండి, వారితో పాటు ఇసుకలో వ్రేలితో తమిళ అక్షరములు దిద్దారు. 1715 నాటికి తమిళములో క్రొత్త నిబంధన అచ్చు అయినది.

ఆ కోటలోనికి వెళ్ళినప్పుడు మా స్నేహితుడు చాలాసేపు అక్కడే నిలిచిపోయారు. ఎందుకనగా 1708లో జీగెన్‌బాల్గ్ గారిని దాదాపు నాలుగు నెలలు ఈ కోటలోనే బంధించి ఉంచారు. బంధించినది అన్యులు కారు, డెన్మార్కు వారి అధికారి, బాప్తిస్మము పొందిన క్రైస్తవుడు. ఆ తరువాత కూడా, ఆయన పనిచేయు పద్ధతి సరికాదని డెన్మార్కులోని మిషను కార్యాలయము నుండే కఠినమైన ఉత్తరములు వచ్చినవి. 1718లో కొత్త యెరూషలేము దేవాలయము కట్టి ముగించారు. మరుసటి ఫిబ్రవరిలో ముప్పది ఆరేండ్ల వయస్సులో కన్నుమూశారు. ఆ గుడిలోనే ఆయన సమాధి ఉన్నది.

తెలుగువారమైన మనకు ఈ ఊరితో మరియొక బంధము ఉన్నది. 1719లో ఇక్కడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ దొరగారు తోటి మిషనరీలతో పొసగక నాటి మద్రాసుకు వెళ్ళిపోయారు. అక్కడ తెలుగు నేర్చుకొని, 1732 నాటికి బైబిలును తెలుగులోనికి తర్జుమా చేశారు. స్వదేశము వెళ్ళిన తరువాత కొన్ని చిన్న తెలుగు పుస్తకములు అచ్చు వేయించగలిగారు గాని, ఆ బైబిలు మాత్రము అచ్చుకు నోచుకోలేదు. విశాఖపట్నములో పనిచేసిన డెగ్రాంజెస్ దొరగారు తర్జుమా చేసిన మూడు సువార్తలు 1812లో సెరంపూరులో అచ్చు అయ్యే నాటికి, ఎనుబది ఏండ్లు గడిచినవి. అప్పటికి డెగ్రాంజెస్ దొరగారు కూడా మరణించి రెండేండ్లు.

ఆ రాత్రి అన్నములు తిన్న తరువాత సముద్రపు గాలికి కూర్చుండి ఉండగా మా స్నేహితుడు, "నన్ను అన్నవారిని గూర్చియే ఆలోచించుచు వచ్చాను. ఇక్కడ వీరిని కూడా సొంతవారే అన్నారు. అయినా నాకు వారి పాటి బలము లేదు బ్రదర్" అన్నారు. మాలో ఎవరమూ వాక్యములు చెప్పి ఆయనను ఓదార్చబోలేదు. అమ్మగారు మొదటిసారి మా అందరి యెదుట ఏడ్చారు. మా స్త్రీలు ఆమెను పట్టుకొని ప్రార్థన చేశారు.

తంజావూరులో ష్వార్ట్జ్ దొరగారి గుడి చూశాము. 1798లో ఆయన మరణించినప్పుడు, హిందువైన శరభోజి మహారాజు ఆయన జ్ఞాపకార్థము పాలరాతి ఫలకము చేయించారు. అక్కడి నుండి సుమారు నాలుగు వందల కిలోమీటర్లు దక్షిణముగా వెళ్ళి, కన్యాకుమారి దగ్గర మయిలాడి గ్రామము చేరాము. ఈ గ్రామస్థుడైన వేదమాణిక్యము గారు తీర్థయాత్రకు బయలుదేరి, తంజావూరులో సువార్త విని, విశ్వాసిగా ఇంటికి తిరిగి వచ్చారు. ఆయన పిలుపు మీదనే 1806లో రింగెల్‌టౌబె దొరగారు ఆ గ్రామమునకు వచ్చారు. ష్వార్ట్జ్ దొరగారు ఎన్నడూ చూడని గ్రామములో ఆయన విత్తిన విత్తనము మొలిచినది.

తిరుగు ప్రయాణములో మా స్నేహితుడు ఆ కాగితమును చింపివేయలేదు, ఇవ్వనూ లేదు. ఇల్లు చేరిన మరునాడు తనకు విరోధముగా నిలిచిన పెద్ద ఇంటికి భార్యతో కలిసి వెళ్ళి, లెక్కల పుస్తకములు వారి ముందు పెట్టి కూర్చున్నారు. సంఘములోని గాయము ఇంకను పూర్తిగా మానలేదు. ఆ సంఘము కొరకు మీరు కూడా ప్రార్థించండి.

ప్రియ పాఠకులారా, అబ్రాహాము గుడారములలో నివసించి వాగ్దానము కొరకు కనిపెట్టెనని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయములో చదువుచున్నాము. ఎనిమిది దినములు ఇరుకు బండిలో ఉన్నప్పుడు, కాపురమునకు ఎంత కొద్ది సామాను చాలునో మాకు తెలిసినది. మీ సేవకుని ఇల్లు కూడా ఇటువంటి గుడారమే, రేపు ఎక్కడ వేయవలెనో ఆయనకు తెలియదు. ఈ వారము ఒక సాయంకాలము ఆ ఇంటికి వెళ్ళి, అయ్యగారిని, అమ్మగారిని పలుకరించి, వారి కొరకు ప్రార్థించి రండి. ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.