48 నిమిషాల తర్బియత్

నేను ఎలక్షన్లో నిలబడ్డాను. ఓడిపోయాను కూడా. కార్పొరేటర్‌గా కాదు, మస్జిద్ కమిటీకీ కాదు. బజ్జర్‌బీటర్ అనే ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆటలో ఇండియా అండర్-21 జట్టుకు కోచ్‌గా. నవ్వుకోండి, పర్వాలేదు. మా ఇంట్లో ఎప్పుడో నవ్వేశారు.

ఈ ఆటలో బంతి ముట్టుకునే పని లేదు. 2007 నుంచి నడుస్తోంది. మనకో క్లబ్బు ఇస్తారు, కొంత డబ్బు, కొందరు ఆటగాళ్లు. అందరూ కంప్యూటర్ పుట్టించినవాళ్లే. ఎవర్ని ఆడించాలో, ఏ ఎత్తుగడ వేయాలో మనం చెప్పి పెడితే మ్యాచ్ దానంతటదే జరుగుతుంది. ఒక సీజన్ అంటే 14 వారాలు, అంతలో ఆటగాడికి ఒక ఏడు వయసు పెరుగుతుంది. సీజన్‌కోసారి డ్రాఫ్టులో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లు వస్తారు. ఎవడు ఎంతవరకు ఎదగగలడో వాడి పేరు పక్కనే రాసి ఉంటుంది. అన్నిటికన్నా కింది మెట్టు పేరు ‘అనౌన్సర్’. అంటే వీడు ఆడలేడు, మైకు పట్టుకోవడానికే పనికొస్తాడని. ఇన్నేళ్లుగా పత్రికల్లో పనిచేస్తున్నవాణ్ణి, ఆ మాట కనపడినప్పుడల్లా నన్నే అన్నట్టుంటుంది.

దేశం జట్టుకు కోచ్‌ని ఆ దేశపు మేనేజర్లే వోటేసి ఎన్నుకుంటారు. స్పెయిన్, ఇటలీల్లో ఆడేవాళ్లు చాలామంది. మనవాళ్లు తక్కువ, పైగా అందరూ అందర్నీ ఎరుగుదురు. ఆ కోచ్‌కి సొంతంగా ఒక్క ఆటగాడూ ఉండడు. కుర్రాళ్లంతా ఎవరెవరి క్లబ్బుల్లోనో ఉంటారు. విదేశీ క్లబ్బు కొనుక్కున్నా మనవాడు మనవాడే. కాబట్టి కోచ్ అసలు పని బతిమాలడం. ‘భాయ్, మీ దగ్గరున్న ఈ పిల్లవాణ్ణి కాస్త చూసుకోండి’ అని ఉత్తరాలు రాయడం. ఎందుకంటే, ఆ వారం ఏ స్థానానికి శిక్షణ పెట్టారో ఆ స్థానంలో కుర్రాడు 48 నిమిషాలు ఆడితేనే వాడికి తాలీమ్ పూర్తిగా అందుతుంది. క్లబ్బు ఓడుతున్నా సరే, పచ్చి కుర్రాణ్ణి అంతసేపు ఆడించాలి. మరీ ఎక్కువ ఆడిస్తే మళ్లీ ఫామ్ పోతుంది. ఒకరి అమానత్‌ని ఇంకొకరు పెంచిపెట్టడం లాంటిది.

పోటీ చేసేవాళ్లు ఒక ప్రకటన రాసి పెట్టాలి. ఎంతోమంది ఉమ్మీద్‌వార్ల వాదాలను వెటకారం చేసి రాసిన చెయ్యి నాది. ఇప్పుడు నేనే రాయాల్సి వచ్చేసరికి పెన్ను కదల్లేదు. ఇంగ్లీషులోనే రాయాలి, కానీ నాకు ఆలోచన ముందు ఉర్దూలో వస్తుంది. ట్రైనింగ్‌కి ఉర్దూలో తర్బియత్. సిపాయికిచ్చే శిక్షణా అదే, బిడ్డల పెంపకమూ అదే. డిగ్రీలో ‘శిక్షణలో శిక్ష ఉంది’ అని మేం జోకులేస్తే మా తెలుగు సార్ కోప్పడేవారు, శిక్ష అన్నా నేర్పడమేరా అని. సార్ చెప్పింది నిజమే. అయినా నాకు తర్బియతే ఇష్టం.

ఇషా తర్వాత కూర్చుంటే పన్నెండు దాటేది. ‘పొడుగువాడికి రీబౌండు నేర్పండి, లోపలి డిఫెన్సు నేర్పండి, త్వరగా వస్తాయి. ఏడడుగులవాణ్ణి డ్రిబ్లింగులో, పాసింగులో పెడితే వారాలకు వారాలు వృథా. ఎవడి ఒడ్డూ పొడుగూ చూసి వాడికి తర్బియత్ ఇవ్వండి’ అని పెద్ద ఉస్తాద్‌లా రాశాను. ఒకరోజు మా బేగం వెనక నిలబడి స్క్రీన్ వైపు చూసి, ‘ఏం జీ, ఇంట్లో ఉన్నవాడితో వారానికి 48 నిమిషాలు మాట్లాడారా?’ అని వెళ్లిపోయింది.

ఇంట్లో ఉన్నవాడికి పదిహేడేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. సీఈసీలో చేరతానంటే నేనే వద్దన్నాను. కారణం మీకు చెప్పక్కర్లేదు, మన మొహల్లాలో అందరి కారణమూ అదే.

వోటింగుకి కొన్ని రోజుల ముందు, నాతో పోటీపడుతున్నాయన ఒక సందేశం పంపాడు. మర్యాదగానే. ‘మీ క్లబ్బులో ఒక సెంటర్ ఉండేవాడు కదా, వాడిప్పుడు ఎక్కడున్నాడు?’

ఎక్కడున్నాడో నాకు తెలుసు. లంబూ అని పిలుచుకునేవాణ్ణి. పద్దెనిమిదేళ్లకు డ్రాఫ్టులో వచ్చాడు. దేశం జట్టులో నిలబడగలిగినంత హద్దు ఉన్నవాడు. ఐదు వారాలు ఓపిగ్గా ఆడించాను. ఈలోపు నా క్లబ్బు కింది లీగుకి జారిపోయేలా ఉంది. భయమేసింది. లంబూని మార్కెట్లో పెట్టి విదేశీ క్లబ్బుకి అమ్మేసి, ఆ డబ్బుతో ముప్పై దాటిన ఆటగాణ్ణి ఒకణ్ణి కొన్నాను. ఆ సీజన్ గట్టెక్కాను. కొన్నాయన వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఇరవై ఏళ్లొచ్చినా నేను అమ్మిన రోజు ఉన్నట్టే ఉన్నాడు. ఈ ఆటలో చిన్న వయసులోనే త్వరగా నేర్చుకుంటారు, పోయిన వారాలు మళ్లీ రావు.

కంప్యూటర్ పుట్టించిన కుర్రాడి విషయంలో శరమ్ ఏమిటని మీరనవచ్చు. నాకైతే నిజంగానే సిగ్గేసింది. తప్పించుకునే జవాబు ఎలా రాయాలో నాకు బాగా తెలుసు, అలాంటివి ఎన్నో అచ్చువేశాం. రెండు రకాలుగా రాసి చూశాను కూడా. చివరికి నా ప్రకటన పైన ఒక వాక్యం చేర్చాను: ‘ఆ సెంటర్‌ని నా క్లబ్బు కోసం నేనే అమ్మాను, వాడు పాడవడంలో నా వాటా ఉంది.’

ఐదు వోట్ల తేడాతో పోయాను. గెలిచినాయన మంచివాడే. పొడుగు కుర్రాళ్లున్న క్లబ్బులకు ఉత్తరాలు రాసే పని నాకే అప్పగించాడు.

ఓడిన రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మావాడు నోరు విప్పాడు. నా ప్రకటన మొత్తం చదివాడట, ఎప్పుడు చదివాడో.

‘అబ్బా, ఏడడుగులవాడికి పాసింగ్ నేర్పితే వారాలు వృథా అని రాశారు కదా.’

‘అవును బేటా.’

‘ఎవడి ఒడ్డూ పొడుగూ చూసి అని కూడా రాశారు.’

అంతే. రొట్టె తుంచుకుని తలొంచుకున్నాడు. వాళ్ల అమ్మీ నా వైపు చూడకుండా ఖీమా గిన్నె ఇటు జరిపింది. ఫిజిక్స్‌లో వాడికి ఎన్ని మార్కులొస్తున్నాయో నాకు తెలుసు. ట్యూషన్‌కి ఎంత కడుతున్నానో ఇంకా బాగా తెలుసు.

లంబూకి ఇరవై రెండు వచ్చేశాయి, అండర్-21 దాటిపోయాడు. మావాడికి ఇంకా పదిహేడే. ఆదివారం జొహర్ తర్వాత లాప్‌టాప్ మూసి వాడి దగ్గర కూర్చున్నాను. సీఈసీలో ఏముంటాయిరా అని అడిగాను. సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. కామర్స్ తర్వాత ఏం చదవొచ్చో, ఎన్నేళ్లు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో నోటుబుక్కు వెనక పేజీలో ముందే రాసి పెట్టుకున్నాడు. మధ్యలో అసర్ అజాన్ అయింది.

‘నమాజు చదివొస్తా, ఇక్కడే ఉండండి అబ్బా’ అన్నాడు. ఇద్దరం కలిసే వెళ్లాం.